పేరున్న కోంగా, పేరులేని మర్ఫా: ఆఫ్రికా లయకు రెండు నగరాల్లో దక్కిన చరిత్ర

వ్యాససంగ్రహం: ఆఫ్రికా నుంచి వలస వచ్చిన లయ క్యూబాలో, న్యూయార్క్‌లో ఆఫ్రో-క్యూబన్ జాజ్‌గా చరిత్రకెక్కింది. హైదరాబాదులో సిద్దీలు, హద్రమీ అరబ్బులు వాయించిన మర్ఫా పెండ్లి ఊరేగింపుల్లో నేటికీ వినిపిస్తున్నా సంగీతచరిత్రలో దాని వాదకుల పేర్లు కనిపించవు. చానో పోజో అనే కోంగా వాదకుడి జీవితాన్ని మర్ఫా చరిత్రతో పోల్చి, ఈ తేడాకు గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లయను మోసిన సంస్థల స్వభావాన్ని బట్టే కళాకారుడి పేరు నిలవడం, నిలవకపోవడం జరిగిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మర్ఫా, తీన్‌మార్, సిద్దీలు, బార్కస్, ఆఫ్రో-క్యూబన్ జాజ్, చానో పోజో, మలక్‌పేట

1. ప్రవేశిక

హైదరాబాదు తూర్పుభాగంలోని స్థలనామాలు కొన్ని వ్యక్తుల పేర్ల మీద నిలిచాయి. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో ఉన్న మలిక్ యాకూబ్ పేరు మీదుగా మలక్‌పేట ఏర్పడిందని ప్రతీతి. దాన్ని ఆనుకొని ఉన్న మూసారాంబాగ్ పేరులో ఒక ఫ్రెంచి సేనాని దాగి ఉన్నాడు. రెండవ నిజాం కొలువులో ఫ్రెంచి పద్ధతిలో పటాలాలను తీర్చిదిద్దిన మూస్యూ రేమండ్ జనం నోట మూసా రాముడయ్యాడు. 1798లో మరణించిన అతని సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నేటికీ ఉంది. అతడు చనిపోయిన కొద్ది నెలలకే ఇంగ్లీషువారితో కుదిరిన ఒడంబడిక ప్రకారం అతని పటాలాలను నిరాయుధం చేశారు. సైన్యం పోయినా సేనాని పేరు ఊరి పేరులో మిగిలింది.

ఇదే నగరంలో మరో రెండు స్థలనామాలున్నాయి. మాసబ్ ట్యాంకు సమీపంలోని ఏ.సి. గార్డ్స్, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న దళనామానికి సంక్షిప్తరూపం. పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్, సైనిక నివాసాలను తెలిపే ‘బారక్స్’ అన్న ఇంగ్లీషు మాటకు స్థానిక ఉచ్చారణ. ఈ రెండింటిలోనూ ఏ మనిషి పేరూ లేదు. ఒకటి దళాన్ని, రెండోది ఆ దళాలుండే కట్టడాలను చెబుతుంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన సేనాని వ్యక్తిగా గుర్తుండిపోగా, ఆఫ్రికా నుంచీ అరేబియా నుంచీ వచ్చిన సిపాయిలు సమూహంగా మాత్రమే గుర్తుండిపోయారు.

ఆ సిపాయిలు తమ వెంట తెచ్చుకున్న మర్ఫా వాద్యసంగీతం విషయంలోనూ ఇదే జరిగింది. మలక్‌పేట, చంచల్‌గూడ, సైదాబాద్ ప్రాంతాల ఫంక్షన్ హాళ్ళ ముందు పెండ్లికొడుకు ఊరేగింపు ఆగినప్పుడు మోగే వాద్యం ఎక్కడినుంచి వచ్చిందన్నది చాలామందికి తట్టని ప్రశ్న. దాన్ని వాయించినవారెవరన్న ప్రశ్న అంతకన్నా అరుదు. ఇటువంటి ప్రశ్నకే మరో నగరంలో స్పష్టమైన సమాధానం దొరికింది. అది ఎలా సాధ్యపడిందో ముందుగా చూడవలసి ఉంది.

2. చానో పోజో: ఒక వాద్యకారుడికి దక్కిన చరిత్ర

చానో పోజోగా ప్రసిద్ధుడైన లూసియానో పోజో గొన్సాలెస్ 1915 జనవరి 7న క్యూబా రాజధాని హవానాలో పుట్టాడు. పేద నల్లజాతి కుటుంబాలు కిక్కిరిసి నివసించే వాడలో పెరిగాడు. అతనికి స్వరలిపి చదవడం రాదు. అతని విద్య అంతా అబాకువా అనే ఆఫ్రికా మూలాల రహస్య సోదరసంఘంలో, కార్నివాల్ ఊరేగింపు దళాలైన కంపార్సాలలో సాగింది. క్యూబాలో బానిసత్వకాలం నుంచే ఆఫ్రికన్లు తమతమ తెగలవారీగా కబిల్దో అనే పరస్పర సహాయ సంఘాలను నడుపుకొన్నారు. దైవారాధన, ఖననసంస్కారం, ఉత్సవం అన్నీ వాటి ఆధ్వర్యంలోనే జరిగేవి. తరతరాలుగా డోలు విద్యను కాపాడినవాటిలో ఈ సంఘాలది ప్రధానస్థానం.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో క్యూబా పాలకులు ఈ డోళ్ళను అనాగరికమని భావించి వీధుల్లో నిషేధించారు. 1937లో హవానా నగరపాలకులు కంపార్సాలకు తిరిగి అనుమతినిచ్చారు. ఈ నిర్ణయం వెనుక ఫెర్నాండో ఓర్టిస్ అనే పండితుడి అభిప్రాయానికి విలువ దక్కింది. ఒక సంస్కృతి మరొకదానిలో కలిసిపోవడం ఏకపక్షంగా జరగదని, రెండూ మారి కొత్తదొకటి పుడుతుందని చెప్పడానికి ఓర్టిస్ 1940లో ఒక కొత్త పారిభాషికపదాన్ని రూపొందించాడు. దాన్ని తెలుగులో ‘పరస్పర సంస్కృతీకరణం’ అనుకోవచ్చు. 1952-55 మధ్య ఆఫ్రో-క్యూబన్ వాద్యాల మీద 5 సంపుటాల గ్రంథాన్ని ప్రకటించింది కూడా ఆయనే.

న్యూయార్క్‌లో ఈ లయ జాజ్‌తో కలవడానికి దారి వేసినవాడు మారియో బౌజా అనే క్యూబన్ ట్రంపెట్ వాదకుడు. అతని బావమరిది మచీటో 1940లో నెలకొల్పిన వాద్యబృందం ‘ఆఫ్రో-క్యూబన్స్’ అన్న పేరునే బాహాటంగా ధరించింది. బౌజా చొరవతోనే చానో పోజో 1947లో డిజీ గిలెస్పీ బృందంలో చేరాడు. ఆ ఏడాది సెప్టెంబరు 29న కార్నెగీ హాలు వేదిక మీద జాజ్ బృందం నడుమ చానో కోంగా మోగింది. డిసెంబరులో ‘క్యూబానా బీ, క్యూబానా బాప్’, ‘మంటేకా’ రచనలు రికార్డయ్యాయి. మంటేకా రచయితల్లో ఒకడిగా చానో పేరు గిలెస్పీ, గిల్ ఫుల్లర్ పేర్ల సరసన నమోదైంది. 1948 మొదట్లో ఆ బృందం ఐరోపా పర్యటనకు వెళ్ళింది. అదే ఏడాది డిసెంబరులో హార్లెంలోని ఒక మధుశాలలో చానో హత్యకు గురయ్యాడు. అప్పటికి అతనికి 33 ఏళ్ళు.

గిలెస్పీ బృందంలో చానో గడిపిన కాలం ఏడాదికి కాస్త అటూ ఇటూ మాత్రమే. అయినా జాజ్ చరిత్ర రాసే ఎవరూ అతన్ని దాటి వెళ్ళలేరు. ప్రయాణాల్లో చానో బృందసభ్యుల చేత వేర్వేరు లయలను ఏకకాలంలో వాయింపజేసి నేర్పిన వైనాన్ని గిలెస్పీ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. చానో ప్రతిభను కాదనడానికి లేదు. అయితే ఆ ప్రతిభ నమోదు కావడానికి సోదరసంఘం, కార్నివాల్, కచేరీ వేదిక, రికార్డు కంపెనీ, రచనాహక్కు, పండితుడి గ్రంథం, సహచరుడి ఆత్మకథ వరుసగా తోడ్పడ్డాయి. ఈ గొలుసులో ఏ కొన్ని కొక్కేలు తెగినా అతడు హవానా వీధిలో పేరులేని డోలువాడిగానే మిగిలేవాడు.

3. హైదరాబాదుకు వచ్చిన ఆఫ్రికా

దక్కనుకు ఆఫ్రికన్ల రాక ఆసఫ్‌జాహీల కంటే చాలా ముందే మొదలైంది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యానికి సూత్రధారిగా ఎదిగి 1626లో మరణించిన మలిక్ అంబర్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. హైదరాబాదు రాజ్యానికి సిద్దీలు 18వ శతాబ్దంలో అరబ్బులతో పాటు వచ్చి నిజాం ఆశ్వికదళంలో చేరారు. తెలుగు సంస్థానమైన వనపర్తికీ ఈ చరిత్రలో చోటుంది. వనపర్తి రాజా రామేశ్వరరావు కొలువులోని ఆఫ్రికా సైనికదళం 19వ శతాబ్దంలో నిజాం సైన్యంలో విలీనమై ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌కు మూలమైంది. వారు నివసించిన పేటను స్థానికులు సిద్దీ రిసాలా అని పిలిచేవారు. రిసాలా అంటే ఆశ్వికదళం.

రెండో ప్రవాహం యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చింది. హైదరాబాదులో చావుష్‌లని పిలిచే ఈ హద్రమీలు నిజాం క్రమేతర సైన్యంలో పనిచేశారు. వారి స్థాయిని ఒక్క ఉదాహరణ తెలుపుతుంది. ముకల్లా, షిహ్ర్ రేవులను ఏలిన కుఐతీ సుల్తానుల వంశమూలపురుషుడు ఉమర్ బిన్ అవద్ హైదరాబాదు కొలువులో జమాదారు. హైదరాబాదులో సంపాదించిన ధనం, పలుకుబడి అరేబియా తీరంలో ఒక రాజ్యాన్ని నిలబెట్టాయి. హద్రమౌత్‌కు తూర్పు ఆఫ్రికా తీరంతో శతాబ్దాల వర్తక, వివాహ సంబంధాలున్నాయి. కనుక అక్కడినుంచి వచ్చిన సంగీతంలో అప్పటికే ఆఫ్రికా కలిసి ఉంది. హైదరాబాదులో సిద్దీల ద్వారా నేరుగానూ, హద్రమీల ద్వారా అరేబియా మీదుగానూ ఆఫ్రికా లయ రెండుసార్లు ప్రవేశించిందని చెప్పవచ్చు.

ఈ రెండు ప్రవాహాల కలయికే మర్ఫా. యెమెన్‌లో ఆ మాట ఒక డోలుకు పేరు. హైదరాబాదులో అది వాద్యానికీ, మేళానికీ, దానితో సాగే నాట్యానికీ కలిపి పేరైంది.

4. మర్ఫా ప్రదర్శన స్వరూపం

మర్ఫా మేళంలో మర్ఫా డోలు, డఫ్, ఢోల్, లోహపు బిందె, తాపీ అనే చెక్కబద్దలు ఉంటాయి. గానానికి ప్రాధాన్యం బహుస్వల్పం. మాటలు లేని కేవల లయే ఈ సంగీతానికి శరీరం. ఒకరు పట్టిన మూలలయ మీద మిగిలినవారు తమ దెబ్బలను అల్లుకుంటూ పోతారు. మేళం వేగం పుంజుకున్నకొద్దీ పురుషులు బరిలోకి దిగి కత్తులతోనో కర్రలతోనో యుద్ధాన్ని అభినయిస్తూ ఆడతారు. సైనికవృత్తి ఆనవాళ్ళు ఈ నాట్యంలో స్పష్టం. నిజాముల కాలంలో దర్బారు ఉత్సవాల్లోనూ అధికారిక వేడుకల్లోనూ మర్ఫాకు స్థానం ఉండేది.

ఈ లక్షణాలను ఆఫ్రో-క్యూబన్ సంగీతంతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. క్యూబా సంగీతానికి వెన్నెముక ‘క్లావే’. రెండు భాగాల్లో మూడు-రెండుగానో, రెండు-మూడుగానో పంచుకున్న 5 దెబ్బల చట్రమది. ‘తీన్‌మార్’ అన్న ఉర్దూ మాటకు మూడు దెబ్బలని అర్థం. మూడు అన్న సంఖ్య రెండుచోట్లా ఉన్నంత మాత్రాన రెండూ ఒకే లయకు రూపాంతరాలని తీర్మానించరాదు. క్యూబాకు చేరిన ఆఫ్రికన్లలో అధికులు పశ్చిమ, మధ్య ఆఫ్రికా వాసులు. దక్కనుకు చేరినవారు తూర్పు ఆఫ్రికా వాసులు. పోల్చదగినది లయ నిర్మాణం కాదు, ఆ లయ నడిచిన సామాజిక మార్గం. రెండుచోట్లా అది బలవంతపు వలసతోనో సైనికకొలువుతోనో వచ్చింది. రెండుచోట్లా పరాయి సమాజపు ఉత్సవంలో తావు సంపాదించుకుంది.

5. 1948 తరవాత

చానో పోజో ఐరోపా వేదికల మీద వాయించి, హార్లెంలో కన్నుమూసిన 1948వ సంవత్సరమే హైదరాబాదులో మర్ఫా చరిత్రను మలుపు తిప్పింది. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన పోలీసుచర్యతో నిజాం రాజ్యం భారతదేశంలో విలీనమైంది. తరవాతి సంవత్సరాల్లో నిజాం సైన్యాన్ని రద్దుచేశారు. ఆశ్వికదళ సిపాయిలు ఒక్కసారిగా జీతాన్నీ, హోదానూ కోల్పోయారు. అరబ్బులలో పలువురిని పరాయిదేశస్థులుగా లెక్కగట్టి నిర్బంధించారు, కొందరిని దేశం నుంచి పంపించారు. తాతముత్తాతల కాలం నుంచి ఇక్కడే పుట్టి పెరిగినవారు సైతం తాము ఎవరన్నది రుజువు చేసుకోవలసి వచ్చింది.

అంతవరకు కొలువుకు అనుబంధంగా ఉన్న వాద్యం ఈ దశలో కూలికి వాయించే వాద్యమైంది. వేడుక జరిపే ఇంటివారు మేళాన్ని గంటల లెక్కన మాట్లాడుకుంటారు. ఊరేగింపు ముగియగానే డబ్బు చేతిలో పెట్టి పంపేస్తారు. పెండ్లిపత్రికలో వంశం పేరుంటుంది, ఫంక్షన్ హాలు పేరుంటుంది, వాయించేవారి పేరుండదు. దర్బారులో దళంగా గుర్తింపు పొందినవారు పెండ్లిలో ‘బ్యాండువాళ్ళు’గా మిగిలారు. గుర్తింపు రూపం మారింది గాని, రెండు దశల్లోనూ వ్యక్తిగా గుర్తింపు లేదు.

గుజరాత్ సిద్దీల అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. భరూచ్ జిల్లా రతన్‌పూర్‌లోని బావా గోర్ దర్గాను ఆశ్రయించుకొని వారి ధమాల్ నాట్యసంగీతం నిలిచింది. దర్గా అనే శాశ్వతమైన కేంద్రం ఉండడం వల్ల అక్కడి కళాకారులు ‘సిదీ గోమా’ వంటి బృందాలుగా ఏర్పడి విదేశీ వేదికలనూ చేరుకున్నారు. హవానాకు సోదరసంఘం, రతన్‌పూర్‌కు దర్గా ఉన్నట్లు హైదరాబాదు మర్ఫాకు సైన్యం ఉండేది. ఆ సైన్యం రద్దయ్యాక దాని స్థానంలో మరో సంస్థ రాలేదు. వచ్చింది విపణి.

6. తెలుగువారి నోట తీన్‌మార్

మర్ఫా వాదకుల పేర్లు మరుగునపడినా వారి వాద్యంతో ముడిపడిన ‘తీన్‌మార్’ అన్న మాట తెలుగునాట అసాధారణ వ్యాప్తి పొందింది. బోనాల ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో, ఎన్నికల విజయోత్సవంలో డప్పు మీద తీన్‌మార్ మోగుతుంది. పత్రికలు ‘తీన్‌మార్ స్టెప్పులు’ అని రాస్తాయి. 2011లో ఒక తెలుగు చలనచిత్రం ఆ పేరుతోనే విడుదలైంది. తెలంగాణ మాండలికంలో వార్తలు చెప్పే ప్రసిద్ధ టీవీ కార్యక్రమానికీ ఆ మాటే పేరైంది.

ఈ వ్యాప్తిలో డప్పు కళాకారుల పాత్ర కీలకం. పెండ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు అన్న తరతరాల విద్య మాదిగ వాదకులకుంది. ఒకే నగరపు వీధుల్లో ఒకే రకమైన ఊరేగింపుల్లో మర్ఫా, డప్పు ఎదురెదురుగా నడిచాయి. తీన్‌మార్ మూలం ఎవరిదన్న వాదం ఇటువంటి సందర్భంలో అంతగా ఫలించదు. వీధిలో విన్న దెబ్బకు యాజమాన్యహక్కు రాయించుకునే వాదకుడు ఉండడు. ఓర్టిస్ ప్రతిపాదన ఇక్కడే అక్కరకు వస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో రెండు వాద్యాలూ మారి, ఉర్దూ పేరుతో తెలుగు వీధిలో మోగే ఉమ్మడి లయ ఒకటి స్థిరపడిందని గుర్తించడం సముచితం.

మద్రాసు స్టూడియోల కాలం నుంచి తెలుగు సినిమా వాద్యబృందాల్లో బాంగో, కోంగా ఉన్నాయి. రెండూ క్యూబాలో రూపొందిన వాద్యాలే. గ్రామఫోను, సినిమా ద్వారా సముద్రాలు దాటి వచ్చిన ఆఫ్రికా లయను తెలుగు శ్రోత ఆధునికమైనదిగా స్వీకరించాడు. తన రాజధాని నగరంలో రెండు శతాబ్దాలుగా మోగుతున్న ఆఫ్రికా లయను పెండ్లిచప్పుడుగా మాత్రమే విన్నాడు. దూరం నుంచి రికార్డుగా వచ్చినదానికి పేరూ ఊరూ ఉన్నాయి. పక్కవీధి నుంచి కాలినడకన వచ్చినదానికి అవి లేకపోయాయి.

7. పరిశోధనలో ఏర్పడిన వెలితికి కారణాలు

తెలుగు విశ్వవిద్యాలయ పరిశోధనకు జానపద విజ్ఞానం కొత్తది కాదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయసాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1950లలోనే ఈ శాస్త్రానికి గట్టి పునాది వేసింది. అంతకుముందే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ద్వారా ఆటలు, వేషాలు, వేడుకలు కూడా చరిత్రకు ఆధారాలని నిరూపించారు. ఇంతటి వారసత్వం ఉన్నచోట మర్ఫా మరుగున పడడానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది సాహిత్యప్రాధాన్యం. తెలుగుశాఖల్లో జానపదకళల అధ్యయనం గేయపాఠంతో మొదలవుతుంది. సేకరించవలసిన పాట లేని కళ సేకర్త దృష్టికి రాదు. మర్ఫాలో పాట దాదాపు లేదు. రెండోది భాషాసరిహద్దు. సిద్దీలు, చావుష్‌లు ఉర్దూ మాట్లాడతారు కనుక వారి కళ తెలుగుశాఖ పరిధిలోకి రాదని అనుకోవడం సులభం. గజలూ కవ్వాలీ ప్రధానంగా చూసే ఉర్దూ అధ్యయనానికి మాటల్లేని వీధివాద్యం అంతకన్నా దూరం. మూడోది పోషణరూపం. టిక్కెట్టు, వేదిక, సమీక్ష ఉన్న కచేరీకి పత్రికల్లో జాడ మిగులుతుంది. ఊరేగింపుకు అవేవీ ఉండవు.

డప్పు చరిత్ర దీనికి ప్రతిగా ఒక ఆశను చూపుతుంది. చావుకూ చాటింపుకూ పరిమితమైనదిగా అగ్రవర్ణాలు చిన్నచూపు చూసిన డప్పు దళిత ఉద్యమంలో ఆత్మగౌరవ చిహ్నమైంది. తెలంగాణ ఉద్యమకాలంలో ధూంధాం వేదికల మీద మోగింది. పరిశోధనాంశంగా విశ్వవిద్యాలయాల్లోకి ప్రవేశించింది. వెనుక ఒక ఉద్యమం నిలిచినప్పుడు మాటల్లేని వాద్యం కూడా చరిత్రలోకి రాగలదని డప్పు నిరూపించింది. సంఖ్యలో కొద్దిమందైన సిద్దీలకు అటువంటి ఉద్యమబలం లేదు. వారి పక్షాన ఆ పని కొంతైనా చేయవలసిన బాధ్యత పరిశోధనదే.

8. ముగింపు

చానో పోజో, పేరు తెలియని మర్ఫా వాదకుడు ఇద్దరూ ఒకే రకమైన విద్యను అభ్యసించినవారు. ఇద్దరిదీ స్వరలిపి అవసరం లేని చదువు. ఒకడి చుట్టూ రికార్డు, రచనాహక్కు, గ్రంథం ఉన్నాయి. రెండోవాడి చుట్టూ మొదట హాజరుపట్టీ, తరవాత గంటకూలి ఉన్నాయి. కాబట్టి సంగీతచరిత్రలో పేరు లేకపోవడాన్ని కళాస్థాయికి కొలతగా తీసుకోవడం పొరపాటు. అది సంస్థల చరిత్రకు కొలత.

ఈ వెలితిని పూరించే ఆధారాలు ఇంకా అందుబాటులోనే ఉన్నాయి. నిజాం ప్రభుత్వ సైనిక దస్తావేజులు, ఏ.సి. గార్డ్స్, బార్కస్ కుటుంబాల వద్ద ఉన్న ఛాయాచిత్రాలు, పాత పెండ్లి వీడియోలు, వృద్ధవాదకుల జ్ఞాపకాలు అందులో ముఖ్యమైనవి. వీటిలో చివరిది అన్నిటికన్నా త్వరగా తరిగిపోయేది. డీజే పెట్టెలు కొన్నేళ్ళుగా మేళాల అవకాశాలను మింగేస్తున్నాయి. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించడంతో చేతివాద్యాలకు కొంత ఊపిరి దొరికే అవకాశం ఏర్పడింది.

తెలుగు, ఉర్దూ, చరిత్రశాఖలు కలిసి చేయదగిన తొలిపని చాలా చిన్నది. మేళాన్ని రికార్డు చేసినప్పుడు ఏ వాద్యం ఎవరు వాయించారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి అనుమతితో నమోదు చేయాలి. ఆ జాబితా తయారైననాడు ఏ.సి. గార్డ్స్ అన్న రెండక్షరాల సంక్షిప్తనామం వెనుక ఉన్న మనుషులు రేమండ్ మాదిరిగానే తమ పేర్లతో ఈ నగరచరిత్రలోకి ప్రవేశిస్తారు.